శిబిరాల లెక్క తగ్గితే జనం ఊళ్లకు చేరినట్టేనా? మూడో రౌండ్‌లో జరిగిన పొరపాటుపై కేస్ స్టడీ

ఇళ్లు వదిలి వచ్చినవాళ్ల శిబిరాల్లో రెండు వారాలకోసారి మేం తీసే లెక్కలో మూడో రౌండ్ చేతికొచ్చిన రోజు, సమన్వయ సమావేశంలో అందరి మొహాల్లో కాస్త వెలుగు కనిపించింది. రెండు వారాల కిందట శిబిరాల్లో ఉన్న కుటుంబాల్లో దాదాపు సగమే ఇప్పుడు మిగిలాయి. ప్రొజెక్టర్ మీద గ్రాఫ్ గీత కిందికి దిగుతుంటే, "అయితే జనం ఊళ్లకు వెళ్తున్నారన్నమాట" అని ఎవరో అన్నారు. ఆ ఒక్క మాట మీదే మిగతా చర్చంతా నడిచింది. వచ్చే నెల శిబిరాల రేషన్ సగానికి తగ్గించి, ఆ డబ్బును ఊళ్లలో ఇళ్ల మరమ్మతులకు మళ్లించాలన్న ప్రతిపాదన అరగంటలో తయారైపోయింది.

ఆ గ్రాఫ్ గీసింది నేనే. అది తప్పని ఆ గదిలో కూర్చున్నప్పుడు నాకు తెలియదు.

దేశం పేరు, జిల్లా పేరు, నేను పనిచేసిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడ గొడవలు పూర్తిగా చల్లారలేదు. ఎవరు ఎక్కడ తలదాచుకున్నారన్నది ఇప్పటికీ ప్రమాదకరమైన సమాచారమే. జరిగినదంతా క్లుప్తంగా చెప్తాను. సాయుధ ఘర్షణలకు భయపడి కొండవైపు ఊళ్ల జనం కిందనున్న పట్టణానికి వచ్చారు. నెల తిరక్కుండానే వరద వచ్చి నది ఒడ్డు ఊళ్లవాళ్లు కూడా వాళ్లకు తోడయ్యారు. బడులు, మార్కెట్ షెడ్లు, రోడ్డు పక్కన టార్పాలిన్ గుడారాలు కలిపి 38 చోట్ల జనం ఉన్నారు. ఎంతమంది, ఎక్కడ, ఎక్కడి నుంచి వచ్చారు, ఏం కావాలి, ఇకపై ఎటు వెళ్లాలనుకుంటున్నారు అన్నవి రెండు వారాలకోసారి తేల్చడం మా బృందం పని.

మేం వాడిన పద్ధతి కొత్తదేం కాదు. అంతర్జాతీయ వలసల సంస్థ ఐఓఎం 2004లో ఇరాక్‌లో మొదలుపెట్టిన డిస్‌ప్లేస్‌మెంట్ ట్రాకింగ్ మ్యాట్రిక్స్, అంటే మా వాళ్లందరూ డీటీఎం అని పిలిచే పద్ధతి, ఇప్పుడు దాదాపు ప్రతి పెద్ద సంక్షోభంలోనూ ఏదో ఒక రూపంలో నడుస్తోంది. ప్రతి రౌండ్‌లో ఎన్యూమరేటర్లు, అంటే వివరాలు సేకరించేవాళ్లు, ఒక్కో చోటికి వెళ్లి, అక్కడి పరిస్థితి తెలిసిన ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడుగుతారు. వీళ్లను కీ ఇన్‌ఫార్మెంట్లు అంటాం. శిబిరం పెద్ద కావచ్చు, హెడ్‌మాస్టర్ కావచ్చు, నర్సు కావచ్చు. ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకునే రిజిస్ట్రేషన్ వేరు, ఇది వేరు. ఇది అంచనా. త్వరగా అవుతుంది, ఖర్చు తక్కువ. దీంతోపాటు కూడళ్లలో నిలబడి వచ్చేవాళ్లను, పోయేవాళ్లను లెక్కపెట్టే ఫ్లో మానిటరింగ్ కూడా చేస్తాం.

ఈ రెండు పద్ధతులూ ఒకే మాట చెబితే నమ్మకం పెరుగుతుంది. మూడో రౌండ్‌లో మమ్మల్ని పప్పులో కాలేయించింది సరిగ్గా ఈ నమ్మకమే. శిబిరాల లెక్క తగ్గింది. కూడలిలో లెక్క చూస్తే ఊళ్లవైపు వెళ్లేవాళ్లు ఎక్కువ, పట్టణం వైపు వచ్చేవాళ్లు తక్కువ. ఇక సందేహం దేనికి?

సందేహం పుట్టించింది మా బృందంలోని ఒక అమ్మాయి. ఆమెదీ నిర్వాసిత కుటుంబమే. ఒక బడిలో ఉంటూ మాతో పనిచేసేది. సమావేశం విషయం విని, "మా బడిలో ఖాళీ చేసినవాళ్లెవరూ ఊరెళ్లలేదండీ, మొన్న నీళ్ల దగ్గర కలిశారు" అంది. అదేదో ఒక్క బడి సంగతే అయ్యుంటుందని మొదట అనుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. పొద్దున్నే సమన్వయ కార్యాలయానికి ఫోన్ చేసి, నిర్ణయం ఖరారు చేసేముందు నాలుగు రోజులు ఆగమని అడిగాను. విసుక్కుంటూనే ఒప్పుకున్నారు.

మొదటి రోజు ఆఫీసులో కూర్చుని షీటును వరస వరసగా చదివాను. పొరపాటు దొరకడానికి గంట కూడా పట్టలేదు. మూడో రౌండ్‌లో నది అవతలి రోడ్డు తెగిపోవడంతో ఐదు చోట్లకు ఎన్యూమరేటర్లు వెళ్లలేకపోయారు. ఆ ఐదింటి గడులు ఖాళీగా వదిలేశారు, అది సరైన పనే. కానీ మొత్తం తీయడానికి నేను పెట్టిన ఫార్ములా ఖాళీ గడిని సున్నాగా తీసుకుంది. మేం ఒక్క శిబిరంలోనూ అడుగు పెట్టకుండానే ఆ ఐదు శిబిరాల్లోని జనం గ్రాఫ్‌లో ఇళ్లకు చేరిపోయారు. పైగా అవి వరద తర్వాత నిండిన పెద్ద శిబిరాలు. ఆ తప్పు పూర్తిగా నాది. గ్రాఫ్ అందంగా వచ్చింది కాబట్టి వెనక్కి తిరిగి చూడలేదు.

కానీ ఆ ఐదింటినీ పక్కన పెట్టి లెక్క వేసినా తగ్గుదల పూర్తిగా పోలేదు. మిగిలిన 33 చోట్ల కూడా జనం తగ్గిన మాట నిజం. మరి వాళ్లెటు పోయినట్టు?

రెండో రోజు ఆ అమ్మాయి ఉంటున్న బడికే వెళ్లాం. శిబిరం పెద్ద రెండో రౌండ్‌లో 240 కుటుంబాలని చెప్పాడు, మూడో రౌండ్‌లో 130 అన్నాడు. మేం తెల్లవారుజామున, జనం ఇంకా లేవకముందే వెళ్లి, గది గదికీ తిరిగి రాత్రి అక్కడే పడుకున్నవాళ్లను లెక్కపెట్టాం. 171 కుటుంబాలు తేలాయి. ఆయన అబద్ధం ఆడాడా అంటే లేదు. ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ల భార్యాపిల్లలు, తల్లి కలిసి ఒకే గదిలో ఉన్నారు. రేషన్ కుటుంబానికింత అని ఇస్తున్నప్పుడు వాళ్లు మూడు కుటుంబాలు. తర్వాత గదులు ఖాళీ చేయించే మాట రాగానే, తక్కువమంది ఉన్నట్టు కనిపిస్తే బడివాళ్లు ఊరుకుంటారన్న ఆశతో వాళ్లే ఒక కుటుంబమయ్యారు. కుటుంబం అంటే ఏమిటో మా ఫారంలో స్పష్టంగా రాసి లేదు. ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లు ఒక కుటుంబం అన్నది మామూలుగా వాడే లెక్క. కానీ అక్కడ వంటంతా ఉమ్మడిగా జరుగుతోంది, ఒకటే పొయ్యి. అప్పటి నుంచి ప్రశ్న మార్చేశాం: నిన్న రాత్రి ఇక్కడ ఎవరెవరు పడుకున్నారు? కుటుంబాల లెక్క తర్వాత, మనుషుల లెక్క ముందు.

గదులు ఖాళీ చేయించడం అన్నాను కదా, అసలు కారణాల్లో ఒకటి అదే. బడులు తెరవాల్సిన సమయం వచ్చింది. ఎవరూ కర్రలు పట్టుకుని వెళ్లగొట్టలేదు. రోజుకో గదికి తాళం వేశారు, మరుగుదొడ్ల నీళ్లు ఆపారు. ఓపిక ఉన్నవాళ్లు పట్టణంలోనే అద్దె గదులు వెతుక్కున్నారు, చుట్టాలున్నవాళ్లు చుట్టాల ఇళ్లకు చేరారు. శిబిరం లెక్కలోంచి పేరు పోయింది కానీ మనిషి ఎక్కడికీ పోలేదు. రెండు వీధుల అవతలే ఉన్నాడు, అద్దె కడుతున్నాడు, ఇంతకుముందుకన్నా ఎక్కువ ఇబ్బందిలో ఉన్నాడు.

ఇది మా దగ్గరే జరిగిన వింత కాదు. హైతీలో 2010 జనవరి 12 భూకంపం తర్వాత, ఆ ఏడాది జూలై నాటికి 1,500కు పైగా శిబిరాల్లో దాదాపు 15 లక్షలమంది ఉన్నారు. తర్వాతి ఏళ్లలో ఆ సంఖ్య బాగా పడిపోయింది. ఆ తగ్గుదలలో బాగైన ఇళ్లకు చేరినవాళ్లున్నారు, అద్దె సాయం తీసుకుని వెళ్లినవాళ్లున్నారు, స్థలం యజమానులు ఖాళీ చేయించినవాళ్లూ ఉన్నారు. ముగ్గురినీ ఒకే గీత కిందికి దించుతుంది. కారణం రాయని గ్రాఫ్ చూసినప్పుడల్లా నాకు ఇప్పుడు గుబులుగా ఉంటుంది.

మూడో రోజు కూడలికి వెళ్లాను. అక్కడ మా ఇద్దరు ఎన్యూమరేటర్లు పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 2 వరకు కూర్చుంటారు. భద్రత కారణంగా చీకటి పడేలోపు ఆఫీసుకు చేరాలన్నది నియమం, అందుకే ఆ వేళలు. నేను ఆ రోజు ప్రత్యేకంగా అనుమతి తీసుకుని సాయంత్రం 6 వరకు ఉన్నాను. పొద్దున ఊళ్లవైపు వెళ్లే ట్రాక్టర్లు, వ్యాన్లు కిటకిటలాడాయి. అందులో ఎక్కువ మగవాళ్లే. చేతిలో ఓ నీళ్ల డబ్బా, ఓ పార, అంతకుమించి ఏమీ లేదు. నాలుగు దాటాక అవే ట్రాక్టర్లు వెనక్కి రావడం మొదలైంది. పొద్దున చూసిన మొహాలే. పొలంలో బురద ఎత్తిపోయడానికి, మిగిలిన గొడ్లను చూసుకోవడానికి పగటిపూట వెళ్లి రాత్రికి వచ్చేస్తున్నారు. రాత్రి అక్కడ ఉండే ధైర్యం ఎవరికీ లేదు. మేం వెళ్లడాన్ని లెక్కపెట్టి, రావడానికి ముందే ఇంటికి పోతున్నాం.

ఒక ట్రాక్టర్‌లో ఒక పెద్దావిడ రేకుల కట్ట పట్టుకుని కూర్చుంది. నాలుగు రేకులు, అంచులు వంగిపోయి, మేకుల చిల్లులతో. తన ఇంటి పైకప్పువే. ఊడదీసి పట్టణానికి తెస్తోంది. ఎందుకని అడిగితే, అక్కడ వదిలేస్తే ఎవరో ఒకరు పట్టుకుపోతారు, ఇక్కడ వానకు ఏదో ఒకటి కప్పుకోవాలి కదా అంది. సొంతింటి కప్పు విప్పి తెచ్చుకునే మనిషి ఇప్పట్లో ఆ ఇంటికి వెళ్లి ఉండబోదు. మా ఫ్లో ఫారంలో ఆమె కోసం ఉన్నవి రెండే గడులు, "ఊరి వైపు", "పట్టణం వైపు". పొద్దున ఊరి వైపు గడిలో ఆమెకు ఒక గీత పడి ఉంటుంది. ఆ మరుసటి రోజు నుంచి ఫారంలో ఇంకో గడి చేర్చాం: వెంట ఏం తీసుకెళ్తున్నారు. పరుపులు, వంటపాత్రలు, పిల్లలు, ముసలివాళ్లతో వెళ్తే అది ఒక రకం ప్రయాణం, పారతో వెళ్తే ఇంకో రకం.

నాలుగో రోజు ఫోన్లు. రెండో రౌండ్‌లో, మళ్లీ సంప్రదించడానికి ఒప్పుకున్నవాళ్ల నంబర్లు మాత్రమే విడిగా తీసుకున్నాం. వాళ్లలో శిబిరం వదిలి వెళ్లిన 120 కుటుంబాలకు ఫోన్ చేశాం. 74 కుటుంబాలు దొరికాయి. ప్రశ్న అదే, నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు. 41 కుటుంబాలు అదే పట్టణంలో అద్దె గదుల్లోనో చుట్టాల ఇళ్లలోనో ఉన్నాయి. 14 వేరే పట్టణాలకు వెళ్లాయి. 8 కుటుంబాల్లో మనుషులు చీలిపోయి ఉన్నారు, కొందరు ఊళ్లో, కొందరు ఇక్కడ. సొంత ఊరికి చేరింది 11 కుటుంబాలు. ఇది శాస్త్రీయంగా తీసిన శాంపిల్ కాదు, ఫోన్ ఉన్నవాళ్లు, ఫోన్ ఎత్తినవాళ్లు మాత్రమే. అయినా "తిరిగి వెళ్లారు" అన్న మాట నిలబడదని తేలడానికి అంత చాలు.

ఇక్కడ నాకు ముఖ్యంగా అర్థమైంది ఒకటుంది. జరిగిన తప్పుల్లో ఏదీ విడిగా చూస్తే పెద్దది కాదు. ఖాళీ గడి, కుటుంబం అన్న మాటకు నిర్వచనం లేకపోవడం, శిబిరాల్లో ఉన్నవాళ్లనే లెక్కపెట్టడం, కూడలిలో కూర్చున్న వేళలు. మామూలుగా చిన్న తప్పులు తలోవైపు లాగి ఒకదాన్నొకటి కొంత సరిచేసుకుంటాయని ధీమాగా ఉంటాం. ఇక్కడ అన్నీ ఒకేవైపు లాగాయి. జనం తగ్గినట్టు, ఇంటికి పోయినట్టు. అందుకే రెండు పద్ధతులూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పినట్టు కనిపించింది. ఇప్పుడు రెండు లెక్కలు కలిసినప్పుడు ముందు అడిగే ప్రశ్న, ఈ రెండూ ఒకే కారణంతో తప్పు అయ్యే అవకాశం ఉందా అని.

శిబిరాల బయట ఉన్నవాళ్లను పట్టుకోవడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. ఇందుకు వేర్వేరు చోట్ల వేర్వేరు దారులు తొక్కారు. హైతీ భూకంపం తర్వాత పరిశోధకులు 19 లక్షల సిమ్ కార్డుల కదలికలను, పేర్లు లేకుండా, టవర్ల ఆధారంగా చూసి, జనవరి నెలాఖరుకు దాదాపు 6.3 లక్షలమంది రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్ వదిలి వెళ్లారని అంచనా కట్టారు. 2015 ఏప్రిల్ 25 నేపాల్ భూకంపానికి ఇదే పద్ధతి వాడి, కాఠ్‌మాండూ లోయ నుంచి మామూలుగా వెళ్లేవాళ్లకన్నా 3.9 లక్షలమంది అదనంగా బయటికి వెళ్లారని తేల్చారు. ఉక్రెయిన్‌లో 2022 మార్చిలో ఐఓఎం దేశమంతటా ఫోన్ నంబర్లను యాదృచ్ఛికంగా ఎంచుకుని 2,000 మందితో మాట్లాడి, దాదాపు 64.8 లక్షలమంది దేశం లోపలే ఇల్లు వదిలారని అంచనా వేసింది. అక్కడ చాలామంది చుట్టాల ఇళ్లలోనో అద్దె ఇళ్లలోనో ఉన్నారు కాబట్టి, శిబిరాల చుట్టూ తిరిగితే ఆ సంఖ్య ఎప్పటికీ దొరికేది కాదు.

మా చోట ఈ దారులు కుదరలేదు. టవర్లు సగం పనిచేయడం లేదు. ఇంటికొక ఫోన్ ఉంటే గొప్ప, అది కూడా మగవాళ్ల జేబులో ఉంటుంది. సిమ్ ఊళ్లో పొలం దగ్గర కనిపిస్తే, ఆడవాళ్లు, పిల్లలు పట్టణంలో అద్దె గదిలో ఉంటారు. టవర్ ఆ కుటుంబాన్ని తిరిగి వెళ్లినవాళ్లలో రాసేస్తుంది. కాబట్టి కాళ్లకే పని చెప్పాం. నీళ్లు పట్టుకునే చోట్లు, ఆరోగ్య కేంద్రం, ఫోన్ చార్జింగ్ పెట్టే దుకాణాలు, గదులు అద్దెకిచ్చే మధ్యవర్తులు. వీధుల వారీగా పట్టణాన్ని పంచుకుని, ప్రతి వీధిలో ఇద్దరిని అడిగాం. ఈ పనిలో దుకాణదారులు శిబిరం పెద్దలకన్నా ఎక్కువ తెలిసినవాళ్లుగా తేలారు. కొత్తగా వచ్చిన కుటుంబం ముందు అప్పు అడిగేది వాళ్లనే.

అప్పుడే ఇంకో గొడవ వచ్చింది. ఇలా వీధుల్లో ఉన్నవాళ్ల పేర్ల జాబితా కావాలని ఒక కార్యాలయం అడిగింది. సాయం నేరుగా అందించడానికే అన్నారు, అది నిజం కూడా కావచ్చు. మేం ఇవ్వలేదు. కొండవైపు నుంచి వచ్చినవాళ్లలో కొందరు ఏ వర్గానికి భయపడి వచ్చారో, ఆ వర్గం మనుషులు పట్టణంలోనూ ఉన్నారు. పేరు, ఊరు, ప్రస్తుత చిరునామా ఒకే కాగితం మీద ఉంటే అది ఎవరి చేతికి వెళ్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. 2022 జనవరిలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి, తప్పిపోయినవాళ్లు, వాళ్ల కుటుంబాలు సహా 5,15,000 మందికి పైగా మనుషుల వివరాలు బయటివాళ్ల చేతికి చిక్కాయి. అంత జాగ్రత్తగా ఉండే సంస్థకే అలా జరిగింది. మా దగ్గరున్నది పాత ల్యాప్‌టాప్, తరచూ పోయే కరెంటు.

చివరికి వీధుల వారీగా సంఖ్యలు మాత్రం ఇచ్చాం. మరీ తక్కువ కుటుంబాలున్న వీధులను పక్కవాటితో కలిపేశాం, ఎవరో గుర్తుపట్టకుండా. ఫోన్ నంబర్లున్న ఫైలు పని అయ్యాక తుడిచేశాం. ఒంటరిగా తిరుగుతూ కనిపించిన పిల్లల విషయం మాత్రం లెక్కలతో కలపలేదు. ఎన్యూమరేటర్ జేబులో ఒక కార్డు ఉంటుంది, పిల్లల రక్షణ చూసే బృందం నంబరుతో. ఆ క్షణంలోనే ఫోన్ చేయాలి, సాయంత్రం రిపోర్టులో రాద్దాంలే అనుకోకూడదు.

సవరించిన లెక్కతో మళ్లీ సమావేశానికి వెళ్లాను. ముందు నా తప్పు చెప్పాను, ఫార్ములా గడితో సహా స్క్రీన్ మీద చూపించాను. కొందరు కోప్పడ్డారు, కోపం సబబే. తర్వాత చర్చ నిజంగా జరిగింది. నిర్వాసితుల సమస్య ఎప్పుడు ముగిసినట్టు అన్న దానికి 2010లో ఐక్యరాజ్యసమితి సంస్థలు, ఇతర సహాయ సంస్థలు కలిసి ఒప్పుకున్న కొలమానం ఒకటుంది: ఇల్లు వదలడం వల్ల వచ్చిన ప్రత్యేక అవసరాలు తీరిపోవాలి, ఆ కారణంగా వివక్ష ఉండకూడదు. సొంత ఊరికి వెళ్లినా, ఉన్నచోటే స్థిరపడినా, మూడో చోటికి వెళ్లినా కొలమానం అదే. రేకులు మోసుకొచ్చిన ఆ పెద్దావిడను ఈ కొలమానం పక్కన నిలబెట్టి చూడమన్నాను.

రేషన్ తగ్గించలేదు. కానీ శిబిరాల గేటు దగ్గర ఇచ్చే పద్ధతి మార్చి, పట్టణంలో నాలుగు చోట్ల వీధులవాళ్లకూ ఇవ్వడం మొదలుపెట్టారు. అందుకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో అద్దె గదుల్లో ఉన్నవాళ్లు ఏం తిన్నారన్నది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. వేరే పట్టణాలకు వెళ్లినవాళ్లను మేం అందుకోలేకపోయాం. అక్కడ లెక్కలు చూసే బృందానికి సంఖ్య పంపాం, అంతే.

నాలుగో రౌండ్ నుంచి షీటులో మూడు రకాల గడులు పెట్టాం. సున్నా అంటే వెళ్లి చూశాం, ఎవరూ లేరు. "చేరలేదు" అంటే వెళ్లలేకపోయాం, పాత సంఖ్యను తేదీతో సహా పక్కన ఉంచాం. మూడోది "తెలియదు". ఫోన్ ఎత్తని ఆ 46 కుటుంబాలు ఆ గడిలో ఉన్నాయి. నివేదిక అచ్చుకు వెళ్లే ముందు ఆ వరస తీసేద్దామా, చూడ్డానికి బాగాలేదు అని అడిగారు. ఉంచమన్నాను. ఐదో రౌండ్ నాటికి 46లో తొమ్మిది కుటుంబాల ఆచూకీ దొరికింది. మిగతా 37 ఆ వరసలోనే ఉన్నాయి.